థార్ బండికి పెద్ద హెచ్‌ఎఫ్ యాంటెనా: వెనక తలుపు మీదనా, ఛాసిస్ మీదనా?

మన్యంబాట రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2021లో కొన్న మూడు తలుపుల మహీంద్రా థార్ జీపు ఉంది. హార్డ్‌టాప్ రకం, డీజిల్ బండి. హామ్ రేడియో (అభిరుచిగా సొంత వైర్‌లెస్ స్టేషను నడుపుకోవడం) లైసెన్సు వచ్చి నాలుగేళ్లయింది. మిత్రులం కొందరం రెండు బండ్లలో ఏటా మూడు నాలుగు సార్లు రంపచోడవరం, మారేడుమిల్లి అడవుల వైపు వెళుతుంటాం. తారు రోడ్డు వదిలి వాగుల వెంట మట్టి దారి పట్టాక సెల్‌ఫోన్లు పనిచేయవు. బండికీ బండికీ మధ్య 145 మెగాహెర్ట్జ్ సెట్లు సరిపోతాయి గాని, నడుమ ఒక కొండ అడ్డం వచ్చిందంటే అవీ మూగబోతాయి.

కిందటి వానకాలంలో మా రెండో బండి వాగు ఒడ్డున ఇరుసు దాకా బురదలో దిగిపోయింది. ట్రాక్టరు తేవడానికి మాలో ఒకరు చీకటి పడుతుండగా 9 కిలోమీటర్లు నడిచి వెళ్లారు. ఆయన తిరిగి వచ్చేదాకా మేము పడ్డ ఆందోళన ఇప్పటికీ మరచిపోలేదు. అందుకే ఈసారి 100 వాట్ల హెచ్‌ఎఫ్ (కొండలు దాటి దూరాలకు చేరే షార్ట్‌వేవ్) సెట్టు, 7 మెగాహెర్ట్జ్‌కు పనికివచ్చే పెద్ద యాంటెనా బండికే అమర్చాలని నిశ్చయించుకున్నాను. తీసుకున్నది మోటారుతో కాయిల్‌ను పైకీ కిందికీ జరిపే స్క్రూడ్రైవర్ రకం యాంటెనా. పైన విప్ (సన్నని వంగే కడ్డీ) బిగించాక మొత్తం పొడవు 2.5 మీటర్లు, బరువు దాదాపు 4 కిలోలు.

హార్డ్‌టాప్ లోహం కాదు కనుక అయస్కాంతపు పునాది అంటుకోదు. మా ఊరి మెకానిక్ వెనక తలుపు మీద, స్టెప్నీ పక్కన, మడతబందు బోల్టులకే ఒక పట్టీ బిగించి ఇస్తానంటున్నాడు. ఇది నిలుస్తుందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఏడుమెగా రాశారు:

మన్యంబాట గారూ, మీరు అడిగింది యాంటెనాను ఎక్కడ నిలబెట్టాలని. దానికన్నా ముందు తెలుసుకోవలసింది, మీరు కొన్నది యాంటెనాలో సగమేనని. మిగతా సగం మీ బండి. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగదైర్ఘ్యం 10 మీటర్లకు పైనే ఉంటుంది. మీ కడ్డీ అందులో నాలుగో వంతు. ఆ లోటును కాయిల్ పూడ్చి అనునాదం (ఆ పౌనఃపున్యానికి శ్రుతి) తెస్తుంది గాని, పొడవు తగ్గినందువల్ల పడిపోయిన వికిరణ నిరోధాన్ని (మొత్తం నిరోధంలో శక్తిని తరంగాలుగా మార్చే వంతును) తిరిగి తేలేదు.

లెక్క వేసి చూపిస్తాను. కాయిల్ అడుగున ఉండే 2.5 మీటర్ల కడ్డీకి ఆ పౌనఃపున్యంలో వికిరణ నిరోధం సుమారు 1.4 ఓములు. కాయిల్‌ను మధ్యకు తెస్తే అది దాదాపు రెట్టింపై 3 ఓముల దరిదాపుకు చేరుతుంది. కాయిల్ తీగలో నష్టం 5 ఓములు, బండి లోహం గుండా నేలకు పోయే దారిలో నష్టం 8 ఓములు అనుకుంటే మొత్తం 16 ఓములవుతుంది. అందులో 3 ఓముల వంతు మాత్రమే గాలిలోకి వెళుతుంది. అంటే మీ 100 వాట్లలో 19 వాట్లు తరంగాలవుతాయి, మిగిలినవి వేడి. ఇది బాగా చేసిన అమరిక లెక్క. నేల దారిలోని ఆ 8 ఓములు 25 ఓములయ్యాయంటే, అదే సెట్టు, అదే యాంటెనా 9 వాట్లే పంపుతాయి.

మడతబందు మీద బిగిస్తే జరిగేది సరిగ్గా అదే. తలుపుకూ బండికీ మధ్య విద్యుత్ సంబంధం ఏముంది? గ్రీజు పూసిన రెండు పిన్నులు, పెయింటు, రబ్బరు పట్టీలు. పైగా థార్ లాంటి బండ్లలో బాడీ వేరు, దాన్ని మోసే లాడర్ ఛాసిస్ (నిచ్చెన ఆకారపు ఇనుప చట్రం) వేరు. రెండింటికీ నడుమ రబ్బరు బుష్‌లు ఉంటాయి. బ్యాటరీ భూమి తీగ ఒకటి ఉంది కదా అనవచ్చు. ఏకముఖ విద్యుత్తుకు అది చాలుతుంది గాని, 7 మెగాహెర్ట్జ్‌కు ఆ పొడవాటి సన్నని తీగ ఒక కాయిల్‌తో సమానం.

ఇనుపపని రాశారు:

ఏడుమెగా మాస్టారు విద్యుత్తు సంగతి చెప్పారు. నేను ఇనుము సంగతి చెబుతాను. ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లుగా ఫ్యాబ్రికేషన్ పనిలో ఉన్నవాణ్ణి. కొండదారుల బండ్లకు క్యారియర్లు, విన్చ్ పలకలు చేస్తుంటాను.

వెనక తలుపు ఇప్పటికే స్టెప్నీ బరువు మోస్తోంది. దానికి తోడు 4 కిలోల యాంటెనాను అంత ఎత్తున నిలబెడితే, చెడేది బరువు వల్ల కాదు, ఊపు వల్ల. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ప్రతి చదరపు మీటరు మీదా గాలి దాదాపు 46 కిలోల ఒత్తిడి పెడుతుంది. నాలుగు సెంటీమీటర్ల వ్యాసపు గొట్టం, దానిపైన పది సెంటీమీటర్ల కాయిల్, ఆపైన విప్, అన్నీ కలిపి చూస్తే మీ యాంటెనాను వెనక్కి లాగే బలం నాలుగు కిలోల చిలుకు. అది కూడా అడుగున కాదు, సగటున మీటరుకు కాస్త తక్కువ ఎత్తులో పనిచేస్తుంది. హైవే మీద ఇది నిలకడగా ఉంటుంది కాబట్టి గట్టి పట్టీ ఏదైనా తట్టుకుంటుంది. రాళ్ల దారిలో అలా కాదు. బండి అటూ ఇటూ ఒరిగిన ప్రతిసారీ కాయిల్ బరువు కొరడా కొసలా ఊగి, పునాదిని ఒకసారి ఇటు, మరుక్షణం అటు వంచుతుంది. ఇనుము ఒక్క దెబ్బకు విరగదు. వేలసార్లు వంగి వెల్డింగు అంచున వెంట్రుకంత పగులు తెచ్చుకుని, ఒక రోజు ఊడి చేతికి వస్తుంది. తలుపు రేకుకైతే అన్ని వేల ఊపులు కూడా అక్కరలేదు.

నా సలహా ఇది. వెనక టోయింగ్ హుక్ ఉన్న చోట ఛాసిస్ పట్టాకు 8 మిల్లీమీటర్ల మందపు పలకను నాలుగు బోల్టులతో బిగించండి. ఛాసిస్‌కు వెల్డింగు మాత్రం పెట్టించవద్దు. ఆ వేడికి పట్టా బలం తగ్గుతుంది, రేపు ఏ మరమ్మతుకైనా అడ్డు వస్తుంది. ఆ పలక నుంచి 50 మిల్లీమీటర్ల చదరపు గొట్టాన్ని బంపరు మూల పక్కగా పైకి లేపి, నేల నుంచి 1.1 మీటర్ల ఎత్తులో యాంటెనా పీఠం పెట్టండి. మూలల్లో బలానికి త్రికోణపు గస్సెట్ ముక్కలు తప్పనిసరి. ఎప్పుడు పగిలినా ఆ మూలలే ముందు పగులుతాయి.

దూరతీరం రాశారు:

నేను అమెరికాలో నెవాడా రాష్ట్రంలో ఉంటున్నాను. జీప్ రాంగ్లర్ మీద ఇలాంటి యాంటెనాతోనే ఆరేళ్లుగా ఎడారి దారుల్లో తిరుగుతున్నాను. ఇనుపపని గారు చెప్పింది అక్షరాలా నిజం. నా మొదటి పునాది స్టెప్నీ పట్టీ మీదే ఉండేది. ఒక వేసవి యాత్రలో దాని పగులును పెట్రోలు బంకు దగ్గర చూసి విప్పేశాను. ఇంకో గంట చూడకుండా వెళ్లి ఉంటే అది వెనక వచ్చే బండి అద్దం మీద పడేది. ఆ ఆలోచనకే ఒళ్లు జలదరిస్తుంది.

ఏడుమెగా గారు చెప్పిన నేల దారి నష్టం తగ్గాలంటే తలుపులు, బానెట్, బాడీ, ఛాసిస్ అన్నిటినీ రాగి జడలతో (అల్లిన వెడల్పాటి తీగలతో) కలపాలి. అక్కడ లోహాల గురించి ఒక మాట చేర్చాలి. నా బండికి బానెట్, తలుపులు అల్యూమినియంతో చేసినవి. వాటికి ఉట్టి రాగి జడను నేరుగా బిగిస్తే, తేమ తగిలినప్పుడు రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి అల్యూమినియం పొడిలా రాలిపోతుంది. కళాయి పూసిన రాగి జడను తీసుకుని, నడుమ స్టెయిన్‌లెస్ వాషరు వేసి బిగించాను. మీ బండిది ఉక్కు బాడీ కాబట్టి ఆ బాధ తక్కువే గాని, కోస్తా ఉప్పుగాలికి కళాయి జడే మేలు. స్టార్ వాషరుతో పెయింటును గీకి, బిగించాక పైన గ్రీజు గాని పెయింటు గాని పూయండి. కింద లోహం మెరిసేలా గీకనిదే బిగించిన ఏ జడా పనికిరాదు.

కొత్తశ్రోత రాశారు:

పెద్దలందరికీ నమస్కారం. నేను కిందటి నెలలోనే పరీక్ష రాశాను, కాబట్టి అడిగేది తప్పయితే మన్నించండి. మా సీనియర్ ఒకాయన బండికి యాంటెనా బిగించగానే, మధ్యలో ఏమీ పెట్టకుండానే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా కేబుల్‌కు ఎంత కుదిరిందో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా కుదిరినట్టు) 1.1 వచ్చిందట. అంటే శక్తి అంతా యాంటెనాకు చేరినట్టే కదా? మరి ఈ జడలన్నీ ఎందుకు?

ఏడుమెగా రాశారు:

మంచి ప్రశ్న, తమ్ముడూ. చాలామంది పాతవారు కూడా ఇక్కడే పొరబడతారు. శక్తి యాంటెనా దాకా చేరింది, నిజమే. అక్కడినుంచి గాలిలోకి ఎంత వెళ్లిందో ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చెప్పదు. పైన నేను వేసిన లెక్కలో మంచి అమరికకు మొత్తం నిరోధం 16 ఓములే. 50 ఓముల కేబుల్‌కు అది కుదరదు, ఎస్‌డబ్ల్యూఆర్ 3 దాకా చూపిస్తుంది. సరిచేసే కాయిల్ ఏదీ పెట్టకుండానే ఇంత పొట్టి కడ్డీకి 7 మెగాహెర్ట్జ్‌లో 1.1 వచ్చిందంటే అర్థం ఏమిటి? మిగిలిన 30 ఓముల పైచిలుకు నష్టం రూపంలో ఎక్కడో చేరిందనే. మీటరు చూసి సంతోషిస్తున్నాం గాని, బండి వేడెక్కుతోంది.

కాబట్టి యాంటెనా ఎనలైజరు (నిరోధాన్ని కొలిచే పరికరం) తీసుకుని అనునాదం దగ్గర నిరోధం ఎన్ని ఓములో చూడండి. జడ ఒక్కొక్కటి బిగించిన కొద్దీ ఆ అంకె తగ్గుతూ రావాలి. అది తగ్గి ఎస్‌డబ్ల్యూఆర్ చెడినప్పుడు, పని సరైన దారిలో ఉందని తెలుసుకోవాలి. ఆ తరువాత యాంటెనా అడుగున, కోయాక్స్ (సెట్టు నుంచి వచ్చే కేబుల్) మధ్య తీగకూ బండి లోహానికీ నడుమ ఒక చిన్న కాయిల్ పెట్టి 50 ఓములకు కుదుర్చుకోవచ్చు.

గోదారిగట్టు రాశారు:

ఇంతవరకూ వచ్చిన సలహాలన్నీ విలువైనవే. అయితే మన్యంబాట గారి అవసరం అమెరికాతో మాట్లాడడం కాదు. మారేడుమిల్లి నుంచి రాజమండ్రికో హైదరాబాదుకో కబురు పంపడం. హైదరాబాదు గాలిదారిలో సుమారు 340 కిలోమీటర్లు. తరంగాలను తిరిగి నేలకు పంపే ఐనోస్ఫియర్ పొర 300 కిలోమీటర్ల ఎత్తున ఉందనుకుంటే, మన తరంగం నేల నుంచి 60 డిగ్రీల కోణంలో పైకి వెళ్లి దిగాలి. రాజమండ్రికైతే దాదాపు నిట్టనిలువునా వెళ్లి రావాలి. నిలువుగా నిలబెట్టిన కడ్డీ బలమంతా దిగంతం వైపు చూపిస్తుంది. నెత్తిన మాత్రం దానికి గుడ్డిమచ్చ. ఎంత గట్టి ఛాసిస్ మీద బిగించినా ఆ గుణం మారదు.

దీనికి సైనిక వాహనాల వారు చేసే పని ఒకటుంది. పొడవాటి విప్‌ను ముందుకో వెనక్కో వంచి తాడుతో కట్టేస్తారు. అప్పుడు తరంగం ఆకాశం వైపు ఎక్కువగా లేస్తుంది. స్క్రూడ్రైవర్ రకానికి కాయిల్ పైనున్న విప్‌ను మాత్రమే వంచి, నైలాన్ తాడుతో ముందు క్యారియర్‌కు కట్టవచ్చు. వంచాక అనునాదం కిందికి జరుగుతుంది కనుక మోటారుతో మళ్లీ సరిచేసుకోవాలి.

ఇక బండి ఆగి ఉన్నప్పుడు దీన్ని వాడనే వద్దని నా మాట. ఒక టెలిస్కోపిక్ ఫైబర్ గడను బండి చక్రం కింద తొక్కించిన పలకకు నిలబెట్టి, ఒక్కో వైపు 10 మీటర్ల తీగతో తలకిందుల 'వి' ఆకారంలో డైపోల్ (రెండు తీగల యాంటెనా) కట్టండి. పావుగంట పని. బండి యాంటెనా పంపే దానికి అది ఎన్నో రెట్లు పంపుతుంది, అదీ మీకు కావలసిన కోణంలోనే. పగలు 40 మీటర్ల బ్యాండు (అంటే ఈ 7 మెగాహెర్ట్జే), చీకటిపడి దగ్గరి స్టేషన్లు మాయమైతే 80 మీటర్ల బ్యాండు, దానికి తీగ ఒక్కో వైపు రెట్టింపు పొడవు కావాలి.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు అన్నీ పోయాయి. అప్పటి నుంచి నా బండి వెనక సీటు కింద ఆ తీగచుట్ట ఎప్పుడూ ఉంటుంది. బండి మీది యాంటెనా ప్రయాణంలో ఉన్నప్పుడు పిలుపు వినడానికి, తీగ నిలబడి పని చేయడానికి. రెండూ కావాలి.

ఇనుపపని రాశారు:

గోదారిగట్టు గారు ఆకాశం గుర్తు చేశారు కనుక కరెంటు తీగల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రాణాలతో పని. పీఠం 1.1 మీటర్లు, యాంటెనా 2.5 మీటర్లు, మొత్తం 3.6 మీటర్లు. వీధి దాటే కరెంటు తీగలకు నియమం ప్రకారం ఎల్‌టీకి (ఇళ్లకు వచ్చే తక్కువ వోల్టేజి లైను) 5.8 మీటర్లు, హెచ్‌టీకి (ఎక్కువ వోల్టేజి లైను) 6.1 మీటర్ల ఎత్తు ఉండాలి. పొలాల్లో, అడవి అంచు దారుల్లో అంతకన్నా తక్కువే సరిపోతుంది. పైగా వాలిన స్తంభాలు, వేలాడే తీగలు మనందరం చూస్తున్నవే. బండి గట్టు ఎక్కి ముక్కు పైకి లేపినప్పుడు ఆ 3.6 మీటర్లు ఏ లెక్కకూ నిలవవు. విద్యుదీకరించిన రైల్వే గేట్ల దగ్గర పైన 25 వేల వోల్టులు ఉంటాయి. అందుకే పీఠం దగ్గర మడిచే కీలు పెట్టించుకోండి. ఊళ్లోకి, తోటలోకి, రైల్వే గేటు వైపు వెళ్లేముందు దిగి మడిచి కట్టడం అలవాటుగా మారాలి.

చట్టంచదివినవాడు రాశారు:

అమరికకు ముందు రెండు విషయాలు చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. ముందు బంపరు మీద బిగించే క్రాష్‌గార్డుల మీద కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చర్యలు తీసుకోమని రాసింది. కాబట్టి ముందు వైపు గొట్టాలు పెట్టి దానికి యాంటెనా కట్టే ఆలోచన మానుకోండి. వెనక వైపు, విప్పి తీయగలిగే బోల్టు పలక, నంబరు ప్లేటునూ దీపాలనూ కప్పకుండా ఉండడం మంచిది. రెండోది, హామ్ లైసెన్సు ప్రతి ఎప్పుడూ బండిలో ఉంచండి. చెక్‌పోస్టు దగ్గర అటవీ సిబ్బంది ఆ యాంటెనాను చూసి ప్రశ్నించడం వారి విధి. మర్యాదగా కాగితం చూపితే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

దూరతీరం రాశారు:

సెట్టుకు కరెంటు తీగ గురించి ఎవరూ చెప్పలేదు. 100 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్లకు పైగా తాగుతుంది. బ్యాటరీ నుంచి సీటు వెనక దాకా పోనూరానూ 8 మీటర్లు అనుకుంటే, 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో అర వోల్టు పోతుంది. 10 చదరపు మిల్లీమీటర్లది వేయండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి తీసుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. బ్యాటరీ మైనస్ కొసకు సెన్సరు బిగించిన బండయితే, మన మైనస్ తీగను సెన్సరు దాటాక ఛాసిస్‌కు కలపాలి. కొసకే కలిపితే సెన్సరు లెక్క తప్పుతుంది.

ఇంకొకటి. కొండదారుల వాళ్లందరం ఎల్‌ఈడీ బార్లు బిగించుకుంటాం. వాటిలోని స్విచింగ్ సర్క్యూట్లు 7 మెగాహెర్ట్జ్‌లో తేనెటీగల గుంపులా మోత పెడతాయి. ముందు ఇంజను ఆపి, అన్నీ ఆర్పి బ్యాండు వినండి. తరువాత ఒక్కొక్కటే వెలిగిస్తూ ఏది మోత తెస్తోందో పట్టుకోండి. నా బండిలో దోషి డ్యాష్ కెమెరా ఛార్జరు. దానికీ, యాంటెనా మోటారు తీగలకూ, పీఠం దగ్గర కోయాక్స్‌కూ 31 మిక్స్ ఫెరైట్ కోర్లు (తీగ మీద వచ్చే మోతను ఆపే అయస్కాంత పదార్థపు ఉంగరాలు) వేశాక బ్యాండు నిశ్శబ్దమైంది.

మన్యంబాట రాశారు:

మీ అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఆరు వారాల తరువాత ఫలితంతో తిరిగి వచ్చాను.

నిజం చెప్పాలంటే, పోల్చి చూడాలన్న కోరికతో మొదట మెకానిక్ చెప్పినట్టే తలుపు మడతబందుకు తాత్కాలికంగా బిగించి, ఇంటి ముందు ఆపిన బండి మీదనే కొలిచాను. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర నిరోధం 42 ఓములు, ఎస్‌డబ్ల్యూఆర్ 1.2. ఈ చర్చ చదవకపోయి ఉంటే అక్కడితో పని అయిపోయిందనుకుని ఊరుకునేవాణ్ణి.

తరువాత ఇనుపపని గారు చెప్పిన కొలతలతో ఛాసిస్ పలక చేయించాను. దాని మీదికి మార్చగానే నిరోధం 31 ఓములకు దిగింది. ఛాసిస్ నుంచి బాడీకి నాలుగు మూలలా జడలు వేస్తే 26. బానెట్‌కు రెండు వైపులా, వెనక తలుపుకు ఒకటి, సైలెన్సర్ గొట్టానికి రెండు చోట్ల వేశాక 22 దగ్గర నిలిచింది. సైలెన్సర్ జడలతో అంకె అంతగా మారలేదు గాని, ఇంజను మోత మాత్రం వినికిడిలో స్పష్టంగా తగ్గింది. ఇప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ 2.3కి చెడింది. ఏడుమెగా మాస్టారి మాట గుర్తుకు వచ్చి, జీవితంలో మొదటిసారి చెడిన ఎస్‌డబ్ల్యూఆర్ చూసి ఆనందించాను. 25 మిల్లీమీటర్ల వ్యాసంలో 8 చుట్ల కాయిల్ పీఠం దగ్గర పెట్టి, చుట్లను కాస్త సాగదీస్తే 1.2కు వచ్చింది. లెక్క ప్రకారం అక్కడ ఒక మైక్రోహెన్రీ చాలాలి. సరిగ్గా అంతే పట్టింది.

వికిరణ నిరోధం 3 ఓములే అనుకుంటే, తలుపు మీద 100కు 7 వాట్లు పోయేవి, ఇప్పుడు 14 వాట్లు పోతున్నాయి. రెట్టింపు. సెట్టు మీద ఒక్క రూపాయి పెట్టకుండానే.

పోయిన ఆదివారం మారేడుమిల్లి దాటి, ఫోను లేని చోట నుంచి ఉదయం పది గంటలకు పిలిచాను. విప్ నిలువుగా ఉన్నప్పుడు హైదరాబాదు స్టేషనుకు నేను ఉన్నట్టు తెలిసింది గాని మాట అర్థం కాలేదన్నారు. వంచి కట్టి మళ్లీ సరిచేసుకున్నాక పేరు, ఊరు, సిగ్నల్ రిపోర్టు అన్నీ ఒకేసారికి అందాయి. ఆ తరువాత తీగ డైపోల్ ఎత్తితే ఎదుటివారు పక్క గదిలో కూర్చుని మాట్లాడినట్టు వినిపించారు. వాగు ఒడ్డున నిలబడి ఆ గొంతు విన్నప్పుడు, ఆ రాత్రి 9 కిలోమీటర్లు నడిచిన మిత్రుడు నా పక్కనే ఉన్నాడు. ఆయన మైకు నా చేతికి అందించి, లైసెన్సు పరీక్ష ఎప్పుడని ఎదుటివారిని అడగమన్నాడు.

ఇంకొక్క సందేహం మిగిలింది. చెట్టు కొమ్మలు తగిలినప్పుడు వంగడానికి పీఠం అడుగున బలమైన స్ప్రింగు వేయమని ఒకరు అన్నారు. వేయవచ్చా?

ఏడుమెగా రాశారు:

చాలా సంతోషం, మన్యంబాట గారూ. పీఠం అడుగున స్ప్రింగు వద్దు. 4 కిలోల యాంటెనా దాని మీద లోలకంలా ఊగి, ఊగిన ప్రతిసారీ బాడీకీ కాయిల్‌కీ మధ్య దూరం మారి, మాట్లాడుతుండగానే అనునాదం జరిగిపోతుంది. ఇనుపపని గారు భయపడిన ఊపు కూడా అప్పుడు మరింత పెరుగుతుంది. కాయిల్ పైన, విప్ మొదట్లో చిన్న స్ప్రింగు వేయండి. కొమ్మ తగిలితే విప్ వంగి లేస్తుంది. స్ప్రింగు లోపల రాగి జడ ఉన్నదే ఎంచుకోండి, లేకపోతే ఆ స్ప్రింగే మరో కాయిల్ అవుతుంది. కాయిల్ కింది గొట్టానికి మాత్రం రెండు వైపులా నైలాన్ తాళ్లు క్యారియర్‌కు బిగించి కట్టండి. మాట్లాడేటప్పుడు విప్ కొసన వేల వోల్టులు ఉంటాయి. కాబట్టి ఊళ్లో ఆగినప్పుడు పిల్లలు చుట్టూ చేరితే, వారిని రెండు మూడు మీటర్ల అవతలికి పంపించాకే మైకు నొక్కండి.

ఇనుపపని రాశారు:

మొదటి యాత్ర నుంచి వచ్చారు కదా, రేపు తీరిక చేసుకుని ఆ నాలుగు బోల్టులనూ టార్క్ రెంచితో మళ్లీ బిగించండి. కొత్త పలక మొదటి కొండదారిలో కొంచెం కుదురుకుని బోల్టులు వదులవుతాయి. గస్సెట్ మూలల్లో వెల్డింగు అంచు వెంట వేలితో తడిమి, టార్చి వేసి చూడండి. పెయింటు మీద సన్నని తుప్పు గీత కనిపిస్తే అది పగులే. వెంటనే విప్పి నా దగ్గరకు తీసుకురండి.